తుపాకీ లేని ఊళ్లో తుపాకీ సినిమా

మ్యాప్ ఓపెన్ చేసి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మీద మూడు చుక్కలు పెట్టండి. గీతలు కలిపితే త్రికోణం వస్తుంది. దాని లోపల, హుజూర్‌నగర్‌కి కాస్త అవతల ఉంటుంది గరిడేపల్లి. టూరిస్టు స్పాట్ కాదు. రీల్ తీసుకునే జలపాతం లేదు, సెల్ఫీ పాయింటు లేదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే మండలం, అంతే. ఈ మధ్య నాలుగు రోజులు అక్కడ ఉండొచ్చాను. ఆ నాలుగు రోజులూ మా ఇంట్లో నడిచిన చర్చ మాత్రం వడ్ల ధర గురించి కాదు, అమెరికా తుపాకుల గురించి!

వడ్ల రాసి పక్కన మంచం

కోతల టైమ్‌లో వెళ్తే ముందు ఊరు కనపడదు, వడ్లు కనపడతాయి. తారు రోడ్డుకి ఒక పక్కంతా ఎండబోసిన వడ్లే. బైకులు, ఆటోలు, ఆర్టీసీ బస్సు రెండో పక్క నుంచి సర్దుకుని పోతుంటాయి. పొలాల్లో కోత మిషన్ల మోత. కొనుగోలు కేంద్రం దగ్గర తేమ 17 శాతం దాటితే తూకం వెయ్యరు. అందుకే కోతల రోజుల్లో ఇక్కడ ఎవరు ఎదురైనా "బాగున్నవా" తర్వాత రెండో మాట, "తేమ ఎంతొచ్చింది?"

మా చిన్నమ్మ వాళ్లది ఈ మండలంలోనే ఒక చిన్న ఊరు. వాళ్లబ్బాయికి, అంటే మా తమ్ముడికి, అమెరికా వీసా వచ్చింది. జనవరిలో డాలస్ దగ్గర ఎంఎస్‌లో చేరాలి. ఊళ్లో స్వీట్లు పంచాల్సిన సందర్భం. కానీ చిన్నమ్మ మూడు రోజులుగా సరిగ్గా అన్నం తినట్లేదు. "నువ్వొచ్చి వాడికి చెప్పు బిడ్డా" అని ఫోన్ చేసింది. ఏం చెప్పాలి, పొమ్మనా, వద్దనా? అది మాత్రం చెప్పలేదు.

నేను వెళ్లిన రాత్రి అసలు సంగతి బయటికొచ్చింది. "వాడు పోతే నాకేం బాధ లేదు. ఆడ తుపాకులు కూరగాయల లెక్క అమ్ముతరంట గదా!"

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేత్‌లో, మా దేశం నుంచి వెళ్లిపోండి అని అరుస్తూ ఒకడు కాల్చిన కాల్పుల్లో హైదరాబాద్ ఇంజనీర్ చనిపోయాడు. 2018లో కాన్సస్ సిటీలో వరంగల్ విద్యార్థి. 2023 మే 6న డాలస్ శివారు అలెన్‌లో ఒక మాల్ దగ్గర ఎనిమిది మంది ప్రాణాలు పోతే, అందులో ఒక తెలుగమ్మాయి ఉంది. 2024 నవంబర్‌లో షికాగోలో ఖమ్మం కుర్రాడు, 2025 అక్టోబర్‌లో డాలస్ వైపే హైదరాబాద్ కుర్రాడు. చివరి ఇద్దరూ గ్యాస్ స్టేషన్లో, అంటే మన భాషలో పెట్రోల్ బంకులో, పార్ట్‌టైమ్ చేస్తున్న వాళ్లే. ఈ వార్తలన్నీ చిన్నమ్మ ఫోన్లో ఉన్నాయి. ఫ్యామిలీ గ్రూపులో ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు.

తమ్ముడు మాత్రం కూల్. రాత్రి రాసి దగ్గర కాపలా వంతు వాడిది. నేనూ వెళ్లాను. పట్టా కప్పిన వడ్ల పక్కన నులక మంచం, దుప్పటి, ఒక పవర్ బ్యాంక్. "అక్కా, అమ్మ అడుగుతుంది గదా, ఆడ అట్లా ఎందుకని. ఇది చూడు" అని ఫోన్ నా చేతికిచ్చాడు.

బ్యాంకులో డబ్బులేస్తే రైఫిల్

ఆ సినిమా 'బౌలింగ్ ఫర్ కొలంబైన్'. 2002లో మైఖేల్ మూర్ తీసిన డాక్యుమెంటరీ. మరుసటి ఏడాది ఆస్కార్ కూడా కొట్టింది. ఇది వచ్చేసరికి మీలో చాలామంది ఇంకా పుట్టి ఉండరు, అయినా పాతబడలేదు.

1999 ఏప్రిల్ 20న కొలరాడోలోని కొలంబైన్ హైస్కూల్లోకి ఇద్దరు విద్యార్థులు తుపాకులతో వచ్చారు. 12 మంది తోటి పిల్లల్నీ, ఒక టీచర్‌నీ చంపి, తామూ కాల్చుకున్నారు. దేశమంతా కారణాలు వెతికింది. వీడియో గేములన్నారు, హింసాత్మక సినిమాలన్నారు, మార్లిన్ మాన్సన్ పాటలన్నారు. ఆ రోజు పొద్దున వాళ్లిద్దరూ బౌలింగ్ క్లాసుకి వెళ్లారని అప్పట్లో ఒక మాట ఉండేది. దాని మీద తర్వాత అనుమానాలొచ్చాయి, అది వేరే సంగతి. మూర్ వెటకారం అక్కడ మొదలైంది. పాటలు కారణమైతే బౌలింగ్ ఎందుకు కారణం కాదు?

సినిమా మొదట్లోనే ఒక సీన్. మిచిగన్‌లో ఒక బ్యాంకు. అందులో డిపాజిట్ చేస్తే రైఫిల్ ఫ్రీ. మూర్ వెళ్లి ఫారాలు నింపి, రైఫిల్ పట్టుకుని బయటికి వస్తాడు. తమ్ముడు పగలబడి నవ్వాడు. "మన దగ్గర చీర కొంటే కుక్కర్ ఇచ్చినట్టుంది!" నాకూ నవ్వొచ్చింది. రెండు నిమిషాల తర్వాత స్కూల్ సీసీ కెమెరా ఫుటేజీ గుర్తొస్తే ఆ నవ్వు మిగలదు.

మూర్ తుపాకుల ద్వేషి కూడా కాదు. తుపాకీ యజమానుల పెద్ద సంఘం నేషనల్ రైఫిల్ అసోసియేషన్‌లో తనూ జీవితకాల సభ్యుడే. అందుకే అతని ప్రశ్న కొంచెం వేరుగా ఉంటుంది. తుపాకీ మరణాల లెక్క ఒకటి చెప్తాడు. అప్పటి లెక్క ప్రకారం ఏడాదికి జపాన్‌లో 39, బ్రిటన్‌లో 68, కెనడాలో 165, జర్మనీలో 381. అమెరికాలో 11,127. తుపాకులు కెనడాలోనూ బాగానే ఉన్నాయి, అక్కడా వేట ఉంది, అక్కడి పిల్లలూ అవే గేములు ఆడతారు, అవే సినిమాలు చూస్తారు. మరి తేడా ఎక్కడ?

అతని జవాబు, భయం. అమెరికా టీవీ వార్తలు రోజంతా భయాన్ని అమ్ముతాయని, పక్కింటివాడి మీద, ముఖ్యంగా నల్లవాళ్ల మీద భయం నూరిపోస్తాయని, భయపడినవాడు తాళాలూ తుపాకులూ కొంటాడని అంటాడు. కెనడాలో వీధి వెంట వెళ్తూ ఇళ్ల తలుపులు తోసి చూస్తాడు. తాళం ఉండదు. ఆ సీన్ చూసి తమ్ముడు పాజ్ కొట్టి, "మన ఇల్లు గట్లనే గదా" అన్నాడు. నిజమే. చిన్నమ్మ ఇంటి తలుపు పొద్దున తీస్తే మళ్లీ పడుకునే ముందే వేస్తారు.

ఇంకో సీన్ నన్ను వదల్లేదు. కొలంబైన్‌లో గాయపడి, ఒంట్లో ఇంకా బుల్లెట్లు ఉన్న ఇద్దరు కుర్రాళ్లని తీసుకుని మూర్ కేమార్ట్ కంపెనీ ఆఫీసుకి వెళ్తాడు. ఆ బుల్లెట్లు కొన్నది వాళ్ల షాపులోనే. తిరిగి తిరిగి అడిగితే, చేతి తుపాకుల బుల్లెట్ల అమ్మకం 90 రోజుల్లో ఆపేస్తామని కంపెనీ ప్రకటిస్తుంది. మూర్ కూడా అవాక్కవుతాడు.

సినిమాలో లోపాలూ ఉన్నాయి. రైఫిల్ సంఘం అధ్యక్షుడు, నటుడు చార్ల్‌టన్ హెస్టన్ వేర్వేరు చోట్ల మాట్లాడిన ముక్కల్ని పక్కపక్కన అతికించాడని విమర్శలు వచ్చాయి. అవి న్యాయమైనవే. అయినా "ఎందుకు?" అని రెండు గంటలు వదలకుండా అడగడమే ఈ సినిమా బలం. సరే, ఆ ప్రశ్నని మన త్రికోణంలో అడిగితే? మిగతా మూడు రోజులూ నేను చేసింది అదే.

సూర్యాపేట: ఒక విగ్రహం, ఒక బస్టాండ్

మర్నాడు తమ్ముడికి సూట్‌కేసు కొనడానికి సూర్యాపేట వెళ్లాం. అక్కడ కల్నల్ సంతోష్‌బాబు విగ్రహం ఉంది. ఆయన ఈ ఊరి బిడ్డ. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ఆయనతో పాటు 20 మంది భారత సైనికులు అమరులయ్యారు. మరణానంతరం మహావీర్ చక్ర ఇచ్చారు.

ఇందులో చాలామంది గమనించని సంగతొకటి ఉంది. ఆ రాత్రి ఒక్క తూటా కూడా పేలలేదు. వాస్తవాధీన రేఖకి రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపకూడదని 1996లో రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి. రాళ్లతో, మేకులు కొట్టిన కర్రలతోనే అన్ని ప్రాణాలు పోయాయి. అంటే తుపాకీ పక్కన పెట్టినంత మాత్రాన చంపుకోవడం ఆగదు. అదే సమయంలో, రెండు అణ్వస్త్ర దేశాల సైన్యాలు ఆ రాత్రి కాల్పులకి దిగి ఉంటే లెక్క 20 దగ్గర ఆగేదా? రెండూ ఆలోచించాల్సినవే.

అదే ఊళ్లో హైవే మీద హైటెక్ బస్టాండ్. 2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి దాటాక ఇక్కడ బస్సుల్లో తనిఖీ చేస్తున్న పోలీసుల మీద ఇద్దరు కాల్పులు జరిపారు. ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు చనిపోయారు. మూడు రోజుల తర్వాత మోత్కూరు మండలం జానకీపురం దగ్గర ఎదురుకాల్పుల్లో ఆ ఇద్దరూ హతమయ్యారు. అక్కడ మరో కానిస్టేబుల్, ఆ తర్వాత ఆస్పత్రిలో ఎస్సై సిద్ధయ్య ప్రాణాలు కోల్పోయారు. కాల్పులు జరిపిన వాళ్లు 2013లో మధ్యప్రదేశ్ ఖండ్వా జైలు నుంచి తప్పించుకున్న సిమి సభ్యులని తేలింది.

ఇప్పుడు ఆ బస్టాండ్‌లో కూర్చుంటే ఏ గుర్తూ కనపడదు. మిర్చి బజ్జీలు, ఫోన్ చార్జింగ్ పాయింట్ దగ్గర గొడవ, విజయవాడ బస్సు కోసం పరుగు. పక్కన కూర్చున్న ఒకాయనని అడిగితే, "ఆ రాత్రి మాకు పటాకుల చప్పుడు అనుకున్నం. తుపాకీ చప్పుడు ఎట్లుంటదో మాకేం ఎర్క?" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. తుపాకీ చప్పుడు గుర్తుపట్టలేని ఊరు అదృష్టవంతమైన ఊరు. అమెరికా స్కూలు పిల్లలు కాల్పులు జరిగితే ఎక్కడ దాక్కోవాలో డ్రిల్లు చేస్తారు.

లెక్క కూడా ఇదే చెప్తుంది. 2018లో వచ్చిన స్మాల్ ఆర్మ్స్ సర్వే అంచనా ప్రకారం అమెరికాలో ప్రతి 100 మందికి సామాన్యుల చేతుల్లో 120 తుపాకులు. మన దేశంలో ఐదు. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ కావాలి, 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండుకి మించి ఉండకూడదు. ఎన్నికలొస్తే ఆ లైసెన్స్ తుపాకుల్ని కూడా పోలీస్ స్టేషన్లో జమ చేయమంటారు.

మన తాతల చేతుల్లో తుపాకులు

మరి ఈ నేల మీద తుపాకులు ఎప్పుడూ లేవా? ఉన్నాయి! గరిడేపల్లిలో టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన చెప్పారు. "మా నాయన చెప్పేటోడు. పగలు నాగలి, రాత్రి తుపాకి. పొద్దున పోలీసులొస్తే గడ్డివాములో దాచేది."

1940ల నాటి నల్లగొండ జిల్లా అది. దొరల గడీలు, వెట్టిచాకిరీ, వేల ఎకరాలు ఒక్కో కుటుంబం చేతిలో. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీ గుండుకి దొడ్డి కొమురయ్య బలయ్యాడు. అప్పటిదాకా జనం చేతిలో ఉన్నవి కర్రలు, వడిసెలలు, కారప్పొడి. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపిచ్చారు. గడీల నుంచి, పోలీసుల నుంచి లాక్కున్న తుపాకులు దళాల చేతికొచ్చాయి.

ఈ జిల్లా కర్విరాల కొత్తగూడెం అమ్మాయి మల్లు స్వరాజ్యం. టీనేజ్‌లోనే తుపాకీ పట్టి దళంలో తిరిగింది. ఆమె తల మీద నిజాం సర్కారు 10 వేల రూపాయల వెల పెట్టింది. ఆమె అన్న భీమిరెడ్డి నర్సింహారెడ్డి దళ కమాండర్. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్‌తో నిజాం పాలన పోయింది, కానీ పోరాటం భారత సైన్యంతో కొనసాగింది. పుచ్చలపల్లి సుందరయ్య లెక్క ప్రకారం మొత్తం మీద 4,000 మంది ప్రాణాలిచ్చారు, 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచారు.

1951 అక్టోబర్‌లో పోరాటాన్ని విరమించారు. ఆ తర్వాతి సీన్ చూడండి. 1952 మొదటి ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డికి వచ్చిన ఓట్లు నెహ్రూకి వచ్చిన ఓట్ల కంటే ఎక్కువ. భీమిరెడ్డి మిర్యాలగూడ నుంచి మూడుసార్లు ఎంపీ. స్వరాజ్యం తుంగతుర్తి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యే. 2022 మార్చిలో కన్నుమూసింది. తుపాకీ దించిన చేతికి ఓటు పెట్టె దొరికింది. అందరికీ దొరకలేదు. తర్వాతి దశాబ్దాల్లో నక్సలైట్లు, ఎన్‌కౌంటర్లు ఈ జిల్లా కూడా చూసింది.

టీ కొట్టు పెద్దాయనని అడిగాను, "ఇప్పుడు ఆ తుపాకులు ఉంటే బాగుండనిపిస్తదా తాతా?"

ఆయన గ్లాసు కింద పెట్టి అన్నారు. "ఎందుకు బిడ్డా? అప్పుడు దొరని అడిగే దిక్కు లేకపాయె. ఇప్పుడు ఎంఆర్‌ఓ ఆఫీస్ ఉన్నది, కోర్టు ఉన్నది. ఆడ పని కాకపోతే ధర్నా ఉన్నది. పని లేటైతది గాని, మనిషి మిగులుతడు."

మూర్ అమెరికాలో వెతికిన కారణం భయం. ఇక్కడి తుపాకీ వెనక ఉన్న కారణం భూమి, వెట్టి. అడిగే దారి ఒకటి తెరుచుకున్నాక చాలామంది తుపాకీ దించారు.

మిర్యాలగూడ: తుపాకీ లేకుండానే

మూడో రోజు చిన్నాయనతో ధాన్యం ట్రాక్టర్ ఎక్కి మిర్యాలగూడ వెళ్లాను. ఈ పట్టణం గురించి ముందు చెప్పాల్సింది రైస్ మిల్లుల గురించే. కోతల సీజన్లో మిల్లుల ముందు ట్రాక్టర్ల క్యూ, ఊక వాసన, గాల్లో దుమ్ము. వరుసలో ఉన్న రైతులు అక్కడే అన్నం తిని, అక్కడే నిద్రపోతారు.

కానీ దేశమంతా మిర్యాలగూడ పేరు విన్నది వేరే కారణానికి. 2018 సెప్టెంబర్ 14న, కులం దాటి పెళ్లి చేసుకున్న దళిత యువకుణ్ని, గర్భవతి అయిన భార్య పక్కనే, ఆస్పత్రి గేటు ముందు కత్తితో నరికి చంపారు. చేసింది కిరాయి హంతకుడు, చేయించింది అమ్మాయి తండ్రి అని పోలీసులు చెప్పారు. ఆ తండ్రి 2020లో ఆత్మహత్య చేసుకున్నాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ సీసీ కెమెరా వీడియో మీలో చాలామందికి ఫార్వర్డ్ అయ్యే ఉంటుంది.

ఇక్కడ తుపాకీ లేదు, హింసాత్మక గేముల ఊసు లేదు. కారణం కులం. మన ఇళ్లలో, పెళ్లి మాటల్లో, "మనోళ్లేనా?" అనే ప్రశ్నలో రోజూ వినపడేది. అమెరికాకి వేలు చూపించి 'పిచ్చి దేశం' అని నవ్వుకునే ముందు ఈ గేటు ముందు ఒకసారి నిలబడాలి.

ఇదే చోట ఇంకో విషయం కూడా తట్టింది. ఆ రోజు ఆ కత్తి ఒకరిని చంపింది. పక్కనున్న భార్య, తల్లి బతికారు, కడుపులో బిడ్డ బతికింది. అలెన్ మాల్‌లో మాత్రం కొన్ని నిమిషాల్లో ఎనిమిది మంది పోయారు. ద్వేషం రెండు చోట్లా ఉంది. చేతిలో ఉన్న వస్తువు వేరు.

కోదాడ: భయం ఫార్వర్డ్ అవుతుంది

కోదాడ హైదరాబాద్-విజయవాడ హైవే మీద ఉంటుంది. ఆంధ్ర సరిహద్దు పక్కనే. ఇక్కడి గోడల మీద సినిమా పోస్టర్లతో పోటీపడేవి విదేశీ చదువుల ప్రకటనలు. తమ్ముడికి బ్యాంకులో పనుంటే తోడు వెళ్లాను. బస్సులో మా ముందు సీట్లో ఇద్దరు తల్లులు ఫోన్లో ఏదో కాల్పుల వీడియో చూస్తున్నారు. ఎక్కడిదో, ఎప్పటిదో తెలీదు. "అమెరికాదేనంట" అంటోంది ఒకామె.

మూర్ చెప్పిన భయం అమెరికాలో టీవీలోంచి వచ్చింది. మన దగ్గర జేబులోంచి వస్తుంది. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయని తెలంగాణ అంతా వాట్సాప్ పుకార్లు తిరిగాయి. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని గుంపు కొట్టి చంపింది. అదే సమయంలో గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి, పోలీసుల్ని ఊళ్లకి పంపి, డప్పు కొట్టించి, పాటలు కట్టించి, అది అబద్ధమని చెప్పించారు. భయం ఫార్వర్డ్ అయినట్టే ధైర్యం కూడా అవుతుంది. కాకపోతే దానికి ఊరూరా తిరిగే మనిషి కావాలి.

చేతికి అందేది

సినిమా పెద్దగా మాట్లాడని సంగతి ఒకటుంది. 2023లో అమెరికాలో తుపాకీతో పోయిన ప్రాణాలు 46,728. అందులో సగానికి పైగా హత్యలు కావు, ఆత్మహత్యలు. మనసు విరిగిన ఒక గంటలో తుపాకీ చేతికి అందడమే తేడా. ఆ గంట గడిచిపోతే బతికేవాళ్లు చాలామంది.

ఇది చదివాక నాకు చిన్నమ్మ ఇంటి మూల గది గుర్తొచ్చింది. బియ్యం బస్తాల పక్కనే పురుగుమందు డబ్బాలు. మన పల్లెల్లో ఎన్ని ఇళ్లలో ఇలా ఉండవు? శ్రీలంక అత్యంత విషపూరితమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించాక అక్కడ ఆత్మహత్యల రేటు రెండు దశాబ్దాల్లో సుమారు 70 శాతం పడిపోయింది. అప్పులు పోలేదు, బాధలు పోలేదు. చేతికి అందడం మాత్రం కష్టమైంది.

ఆ రాత్రి అన్నం దగ్గర ఇదే చెప్పాను. చిన్నాయన ఏం మాట్లాడలేదు. పొద్దున లేచి చూస్తే డబ్బాలన్నీ బావి దగ్గర మోటారు గదిలోకి మారాయి, తాళం ఆయన మొలతాడుకి ఉంది. మీకో, మీ పక్కన ఎవరికో మనసు బాగాలేకపోతే టెలిమానస్ నంబర్ 14416. ఎప్పుడైనా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఫ్రీ.

చిన్నమ్మ షరతులు

ఇంతకీ తమ్ముడి సంగతి? చివరి రోజు ఇంట్లో మీటింగ్ పెట్టాం. చిన్నమ్మ అడిగింది ఒక్కటే. "రాత్రిపూట బంకులో చేయనని ఒట్టెయ్యి."

తమ్ముడు ఒట్టెయ్యలేదు. నిజం చెప్పాడు. "లోన్ ఉన్నది గదమ్మా. వడ్డీ నెల నెలా పోతది. అందరూ అట్లనే చేస్తున్రు."

అప్పుడర్థమైంది, ఈ కథలో 'ఎందుకు' అన్న ప్రశ్నకి మా ఇంటి జవాబు. ఎఫ్-1 వీసా మీద చదువుకునేవాళ్లు సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలే పని చెయ్యాలి. బయట బంకుల్లో, షాపుల్లో అనుమతి లేకుండా చేస్తే రూల్ తప్పినట్టే. అందుకే చాలామందికి దొరికేది ఎవరూ చెయ్యని రాత్రి షిఫ్టు. ఒంటరిగా, క్యాష్ కౌంటర్ వెనక. ఏదైనా జరిగితే పోలీసులకి చెప్పడానికీ భయమే. తుపాకీ అమెరికాది, కానీ కుర్రాణ్ని ఆ కౌంటర్ వెనక నిలబెట్టేది మాత్రం ఇక్కడి లోన్ వడ్డీ.

చిన్నాయన అప్పటిదాకా తూకం చీటీలు లెక్కేసుకుంటున్నాడు. ఈసారి వేసింది సన్నాలు, మద్దతు ధర మీద క్వింటాకి 500 బోనస్ వస్తుంది. ఇల్లు పైకి లేపాలని రెండేళ్లుగా దాస్తున్న డబ్బులున్నాయి. "ఇల్లు ఆగుతది" అన్నాడు. "ఒక్క ఏడాది వడ్డీ నేను కడత. ఆ ఏడాదిల నువ్వు క్యాంపస్ల పని చూసుకో. బంకు గడప తొక్కకు."

తమ్ముడు తల దించుకుని సరేనన్నాడు. చిన్నమ్మ ఇంకో మూడు షరతులు కలిపింది. ఎవడైనా బెదిరిస్తే పైసలిచ్చెయ్యాలి, ఎదురు తిరగొద్దు. రూమ్మేట్ల నంబర్లు ఇంట్లో ఇవ్వాలి. కాల్పుల వీడియోలు ఫ్యామిలీ గ్రూపులో ఎవరూ పెట్టొద్దు. చివరిది అందరికంటే ముందు తనకే కష్టమని ఆమెకీ తెలుసు.

భయం పోయిందా? పోలేదు. కానీ ఆ రాత్రి చిన్నమ్మ అందరితో కూర్చుని అన్నం తిన్నది. సూట్‌కేసులో ముందు పెట్టింది పచ్చళ్లు కాదు, యూనివర్సిటీ పోలీస్ నంబర్ రాసిన చీటీ.

మీరూ వెళ్తారా?

హైదరాబాద్ నుంచి విజయవాడ హైవేలో సూర్యాపేట దాదాపు 130 కిలోమీటర్లు. అక్కడ కల్నల్ సంతోష్‌బాబు విగ్రహం, పట్టణం పక్కనే పిల్లలమర్రిలో కాకతీయుల కాలం గుళ్లు చూడండి. చరిత్ర ఇష్టమైతే కర్విరాల కొత్తగూడెం వైపు వెళ్లొచ్చు. కోదాడ మీదుగా హుజూర్‌నగర్, అక్కడి నుంచి గరిడేపల్లి. గడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, వ్యవసాయం మీద ఆసక్తి ఉంటే ఆగండి. మిర్యాలగూడ దాటాక వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. సాయంత్రం అక్కడ ఉండేలా ప్లాన్ చేసుకోండి.

కోతల సీజన్లో వెళ్తే బండి నెమ్మదిగా నడపండి. రోడ్డు మీద ఆరబోసినవి ఎవరో ఒకరి వడ్డీ డబ్బులు.